మా ఇంటి ఎల్పీలకు నా మార్కులు

కోలారు జిల్లా తెలుగువాళ్లకు తెలుగు బడిలో వచ్చింది తక్కువ, చెవుల గుండా వచ్చింది ఎక్కువ. ములబాగలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంటిమాట తెలుగు, బడిమాట కన్నడం. మా కె.జి.ఎఫ్.లోనైతే వీధిమాట తమిళం. ఇక తెలుగు మిగిలింది భజనల్లో కైవారం తాతయ్య తత్వాల్లోనూ, రేడియోలోనూ, రికార్డుల్లోనూ. (కైవారం 2007 నుంచి చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది. అంతకుముందు మనదే.) నేను కన్నడం బడిలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది చందమామలోనూ, రికార్డు అట్టల మీదా.

నాకు రాగాలు గుర్తుపట్టడం రాదు. చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. దేనికైనా ఒక అంకె వేయనిదే తోచదు. రాబర్ట్‌సన్‌పేటలో నాయన కట్టిన ఇల్లు ఖాళీ చేసి అమ్మను బెంగళూరుకు తెచ్చుకున్నప్పుడు ఆయన కొన్న ఎల్పీలు 43 బయటపడ్డాయి. ఫ్లాటులో టీవీ పక్కన బెత్తెడు సందు ఉంది, అందులో పట్టినన్నే ఉంచుకోవాలని మా ఆవిడ షరతు. కొలిచి చూస్తే 18 పడతాయి. సరే, రోజుకొకటి చొప్పున అన్నీ విని, పదికి మార్కులు వేసి తేల్చుకుందామని పాత లెడ్జరు ఒకటి తీశాను.

పిల్లలకు తెలియకపోవచ్చు, ఎల్పీ అంటే ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా నడిచేది. ముల్లు పెట్టామంటే నచ్చిన పాటా, నచ్చని పాటా వరుసగా వినాల్సిందే. అందుకే మార్కులు పాటకు కాదు, రికార్డు మొత్తానికి.

మొదటిది 'శంకరాభరణం' (1980). తొమ్మిది. బాలసుబ్రహ్మణ్యానికీ, వాణీ జయరాంకూ, మహదేవన్‌కూ జాతీయ బహుమతులు తెచ్చిన సంగతి అందరికీ తెలుసు. అందులో మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ కీర్తన ఉందని ఎందరు గమనించారో! మైసూరు ఆస్థాన విద్వాంసుడు తెలుగులో రాసిన కీర్తన, తెలుగు సినిమా మీదుగా తిరిగి మా కర్ణాటకకు వచ్చింది. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, ఏకబిగిన వింటే మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు.

'మేఘసందేశం' (1982) ఎనిమిదిన్నర. రమేశ్ నాయుడు వాద్యాలను ఎంత పొదుపుగా వాడారో వింటేగాని తెలియదు. పొదుపు చూస్తే మా బ్యాంకువాళ్లకు మనసు కరుగుతుంది. ఈ పాటలు వచ్చేనాటికి కృష్ణశాస్త్రిగారు లేరు, 1980లోనే పోయారు. చివరి ఏళ్లు గొంతు లేకుండా గడిపిన మనిషి మాటలు ఏసుదాసు, సుశీల గొంతుల్లో మోగుతున్నాయి.

'సాగర సంగమం' (1983) ఎనిమిది. అయితే ఈ లెక్క కె.జి.ఎఫ్.లో చెల్లదు. మా పక్కింటివారు అవే బాణీలను 'సలంగై ఒలి' పేరుతో తమిళంలో పెట్టేవారు, మేము తెలుగులో. గోడకు అటూ ఇటూ ఒకే ఇళయరాజా. ఎవరి మాటలు గొప్పవని ఆ ఇంటి అన్నతో ఇప్పటికీ పేచీయే. ఈ రికార్డు ఆయనకే ఇచ్చేశాను.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' అయిదు రికార్డులకూ అమ్మే మార్కులు వేసింది. అన్నీ పదులే. అప్పీలు లేదు.

ఇక ఘంటసాల భగవద్గీత. 1974లో ఆయన పోయిన తర్వాత విడుదలైన రికార్డు ఇది. 700 శ్లోకాల్లో ఏరిన నూరు పైచిలుకు శ్లోకాలకు తెలుగు తాత్పర్యం. మనవాళ్లు దీన్ని చావు ఇళ్లలో పెట్టీ పెట్టీ, మామూలు రోజున వింటే ఉలిక్కిపడేలా చేశారు. మా నాయన మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్నే పెట్టేవారు. "శుభమా అని ఇదేం పాట?" అని అమ్మ గొణిగేది. ఆయన పట్టించుకునేవారు కారు.

ఈసారి విన్నప్పుడు అట్టలు తిప్పి చూశాను. నాయన పెన్సిలుతో నచ్చిన పాటల పక్కన టిక్కులు పెట్టుకున్నారు. ఘంటసాల పాట ఎక్కడుంటే అక్కడ టిక్కు. బాలసుబ్రహ్మణ్యం మందరంలో పాడిన చోట టిక్కు. జానకి, వాణీ జయరాం, వయొలిన్, వేణువు ఉన్నచోట అంతా ఖాళీ. ఆయన గనిలో డ్రిల్లు మిషను మీద చాలా ఏళ్లు పనిచేశారు. రిటైరయ్యాక చెవి డాక్టరు గీసిచ్చిన గ్రాఫు నా దగ్గర ఉంది. ఎడమ వైపు గీత బాగానే ఉండి, కుడి వైపు లోయలోకి దిగిపోతుంది. మోతలో పనిచేసినవారికి మొదట పోయేది సన్నని ధ్వనులేనట. బరువైన మగగొంతు చాలాకాలం నిలుస్తుంది. ఆ రికార్డులో ఘంటసాల ఒక్కరే, తాపీగా, మాట మాటా విడమరచి పలుకుతారు. నాయనకు పూర్తిగా అందిన రికార్డు బహుశా అదొక్కటే. పది వేశాను. ఆ మార్కులు ఎవరికని అడగకండి.

ఒక్క రికార్డు మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. 'లవకుశ'. 1963లో వచ్చిన మొదటి పూర్తి రంగుల తెలుగు చిత్రం. లీల, సుశీల గొంతులు ఎంత సన్ననివో మీకు తెలుసు. నాయన గ్రాఫు ప్రకారం అక్కడ ఆయనకు ఏమీ వినిపించకూడదు. అట్ట మీద చూస్తే వాళ్లు పాడిన ప్రతి పాటకూ టిక్కు! అమ్మను అడిగాను.

"పెండ్లయిన కొత్తలో చిత్తూరు పోయి మూడుసార్లు చూసినాము కదప్పా. మరుసటేడు కదా మీ నాయన గనిలో చేరింది. చెవులు బాగుండినప్పుడు ఇన్న పాట. మళ్లీ ఇనాల్సిన పనేముంది?" అంది.

ఆ రికార్డు మీద పెద్ద గీత ఉంది, ముల్లు అక్కడే గంతులు వేస్తుంది. సౌండుకు 4, పాటలకు 10, సగటు 7. సగటు ప్రకారం పద్దెనిమిదిలోకి రాదు. పంతొమ్మిదోదిగా లోపలికి పోయింది. సందు కాస్త బిగుతైంది.