భూసేకరణ నోటీసు వస్తే... అపోహలు – వాస్తవాలు

ఊళ్లో భూసేకరణ నోటీసు పడగానే రచ్చబండ దగ్గర తలో మాటా వినిపిస్తుంది. ఆ మాటలు నమ్మి, చట్టమిచ్చిన గడువులు దాటబెట్టుకుని నష్టపోతున్న రైతులున్నారు. వాళ్లు ముందుగా తెలుసుకోవలసినవి ఇవి.

అపోహ: ఆస్తి ప్రాథమిక హక్కు కాదు, సర్కారు తీసుకుంటే అడగలేం.

వాస్తవం: 1978 నాటి 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన మాట నిజమే. అయినా 300ఎ అధికరణ కింద అది రాజ్యాంగ హక్కు. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక మహిళ భూమిని 1967–68లో ఏ సేకరణ ప్రక్రియా లేకుండా రోడ్డుకు తీసుకున్నారు. ఇన్నేళ్లుగా స్వాధీనంలో ఉంది కాబట్టి తమదేనని ప్రభుత్వం వాదించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి పరిహారం ఇప్పించింది.

అపోహ: ‘ప్రజా ప్రయోజనం’ అని గెజిట్‌లో వేశాక కోర్టులూ కాదనలేవు.

వాస్తవం: పశ్చిమ బెంగాల్‌లోని సింగూరే జవాబు. టాటా నానో ఫ్యాక్టరీ కోసం 2006లో అక్కడ దాదాపు 1,000 ఎకరాలు సేకరించారు. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ సేకరణను రద్దు చేసింది. అందులో ప్రజా ప్రయోజనం ఉందా అన్న దగ్గర ఇద్దరు న్యాయమూర్తులూ చెరో మాట చెప్పారు. రైతుల అభ్యంతరాలను సరిగా విచారించలేదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. భూములు తిరిగి ఇవ్వాలని, రైతులు అప్పటికే తీసుకున్న పరిహారం వెనక్కి కట్టనక్కర్లేదని తీర్పు వచ్చింది.

అందుకే రాతపూర్వక అభ్యంతరానికి అంత విలువ. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక 60 రోజుల్లోగా దాన్ని కలెక్టరుకు ఇవ్వాలి.

అపోహ: రైతులు ఒప్పుకోకుంటే ఏ ప్రాజెక్టుకూ భూమి తీసుకోలేరు.

వాస్తవం: ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి. ప్రభుత్వమే సొంతంగా కట్టే రోడ్డుకో, రిజర్వాయరుకో ఈ షరతు లేదు.

అపోహ: ఎక్కడైనా నాలుగు రెట్లు పరిహారం ఖాయం.

వాస్తవం: పల్లెల్లో మార్కెట్ విలువను 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చించి, అంతే మొత్తాన్ని సొలేషియంగా, అంటే ఊరట సొమ్ముగా కలుపుతారు. గుణకం 2 అయిన చోటే నాలుగు రెట్లు. పట్టణాల్లో రెండు రెట్లే.

అపోహ: చెక్కు తీసుకుంటే ఇక ఎక్కువ అడిగే హక్కు పోయినట్టే.

వాస్తవం: అభ్యంతరం తెలుపుతూ తీసుకుంటే పోదు. సంతకం పెట్టేటప్పుడే ఆ సంగతి కాగితం మీద రాయాలి. అవార్డు, అంటే కలెక్టరు పరిహార నిర్ణయం, ప్రకటించిన రోజు హాజరైనవారు 6 వారాల్లోగా కలెక్టరుకు దరఖాస్తు పెడితే, పరిహారం పెంపు వివాదం విచారణాధికార సంస్థ ముందుకు వెళుతుంది.