తెలుగు ప్రదర్శన కళలలో స్త్రీవేషధారణ

స్త్రీవేషధారణ అనగా పురుషుడు రంగస్థలంపై స్త్రీ పాత్రను ధరించి ఆడుట, పాడుట, నటించుట. తెలుగునాట కూచిపూడి భాగవతం, వీధినాటకం, పౌరాణిక పద్యనాటకం, ఒగ్గుకథ వంటి అనేక కళారూపాలలో ఈ సంప్రదాయం కలదు. స్త్రీవేషధారులుగా పేరుగాంచిన నటులు 20వ శతాబ్దంలో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. అదే శతాబ్దంలో హైదరాబాదు సంస్థానంలో చేయబడిన ఒక చట్టం ప్రకారం, హిజ్రాలు స్త్రీల దుస్తులతో వీధిలో కనబడుట, నృత్యం చేయుట శిక్షార్హమైన నేరాలు. ఒకే పని ఒకరి విషయంలో కళగాను, మరొకరి విషయంలో నేరంగాను ఎందుకు పరిగణింపబడినదన్న ప్రశ్నను 21వ శతాబ్దంలో ప్రవాస తెలుగు పరిశోధకులు, హైదరాబాదులోని ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు వేర్వేరు మార్గాలలో ముందుకు తెచ్చారు.

== పదాలు ==

రంగస్థల పరిభాషలో "వేషం కట్టుట" అన్న మాటకు పాత్రను ధరించుట అని అర్థం. పురుషుడు కట్టే స్త్రీ పాత్రను స్త్రీవేషం లేదా ఆడవేషం అంటారు. వేషం ప్రదర్శన ముగియగానే విప్పివేయబడుతుంది. నటుడు ఇంటివద్ద భర్తగా, తండ్రిగా జీవిస్తాడు. పుట్టుకతో పురుషునిగా నమోదై, తనను తాను స్త్రీగా భావించి జీవించే వ్యక్తికి చీర వేషం కాదు, ఆమె నిత్యజీవితం. ఇటువంటి వారిని ట్రాన్స్‌జెండర్ స్త్రీలు అంటారు. వారిలో గురుశిష్య పరంపర గల సమాజానికి చెందినవారు హిజ్రాలు. లైంగికత, లింగ గుర్తింపు విషయాలలో సమాజపు సాధారణ చట్రంలో ఇమడనివారందరినీ కలిపి క్వియర్ అని వ్యవహరిస్తున్నారు. స్త్రీవేషధారులు ట్రాన్స్‌జెండర్లనిగాని, ట్రాన్స్‌జెండర్లు వేషధారులనిగాని భావించుట సరికాదు.

== కూచిపూడి: సత్యభామ వేషం ==

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామంలో ఈ సంప్రదాయం అత్యంత నియమబద్ధంగా నిలిచింది. భామాకలాపం కర్త సిద్ధేంద్ర యోగి అని ప్రసిద్ధి. ఈ గ్రామపు బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టవలెనని సిద్ధేంద్రుడు ఒట్టు వేయించుకున్నాడని అక్కడివారి విశ్వాసం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మొదలైన ఇంటిపేర్లవారు ఈ కళకు వారసులు. కుటుంబాలలోని స్త్రీలకు మాత్రం రంగస్థల ప్రవేశం ఉండేది కాదు. ఇంటిలో తండ్రి, అన్న, భర్త సత్యభామలుగా తయారవుతుండగా చూస్తూ పెరిగిన ఆడపిల్లలు, తాము మాత్రం గజ్జె కట్టలేదు.

సత్యభామ ప్రవేశంలో జడకు విశేష ప్రాధాన్యమున్నది. తెర వెనుక నిలిచిన నటుడు తన పొడవైన జడను తెరపైనుండి సభవైపు వేస్తాడు. విద్యలో తనను మించినవారు సభలో ఉంటే ఆ జడను కత్తిరింపజేసుకుంటానన్న సవాలు అందులో ఉన్నదని చెబుతారు. అనగా అత్యంత స్త్రీసహజమైన అలంకారమే ఇక్కడ పురుష విద్వాంసుని పందెం. తరువాతి కథలో కృష్ణుని ఎడబాటుతో వేగిపోయిన సత్యభామ లేఖ వ్రాసి చెలికత్తె మాధవి ద్వారా పంపుతుంది.

ఈ మాధవి పాత్ర ప్రత్యేకమైనది. ప్రదర్శనను నడిపే సూత్రధారుడే ఈ పాత్రను కూడా నిర్వహిస్తాడు. సత్యభామ ఎదుట అతడు మాధవి అనే స్త్రీ. కృష్ణుని ఎదుట మాధవుడు అనే పురుషుడు. సత్యభామ వేషానికి గంటల తరబడి అలంకారం అవసరం కాగా, మాధవి మాటతోను, నడకతోను, పైబట్ట తీరుతోను మాత్రమే లింగం మార్చుకుంటుంది.

కూచిపూడి స్త్రీవేషధారులలో అగ్రగణ్యుడు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012). సత్యభామ, ఉష, మోహిని పాత్రలతో ఈయన దేశవ్యాప్త ఖ్యాతి పొందాడు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నాడు.

== పద్యనాటక రంగం ==

పౌరాణిక పద్యనాటకాలలో కూడా దీర్ఘకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. మర్యాదస్థుల ఇళ్ళ స్త్రీలు నాటకమాడరాదన్న కట్టుబాటు ఇందుకు ప్రధాన కారణం. ఈ రంగంలో మిక్కిలి పేరుపొందినవాడు స్థానం నరసింహారావు (1902–1971). 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ప్రదర్శించవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాకపోవుటచే ఆ లోటు తీర్చుటకు ఈయన తొలిసారి రంగమెక్కాడు. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా, రోషనార, చిత్రాంగి, మధురవాణి పాత్రలలో ప్రసిద్ధుడైనాడు. 1956లో పద్మశ్రీ పొందాడు. తన అనుభవాలను "నటస్థానం" అను గ్రంథంగా వ్రాశాడు.

ఈ పద్ధతికి భిన్నమైనది 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం. కుటుంబమంతా కలిసి నాటకమాడే ఈ సమాజంలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు.

== ఉత్తర తెలంగాణ జానపద రూపాలు ==

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో (నేటి మంచిర్యాల జిల్లాలోని చెన్నూరు పట్టణం 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది) కూచిపూడి సంప్రదాయం కంటె యక్షగానం, ఒగ్గుకథల ప్రచారం ఎక్కువ. ఇక్కడ వేషం కట్టువారు అగ్రవర్ణులు కారు. సామాజిక శ్రేణిలో అట్టడుగున ఉంచబడిన కులాలవారు.

చిందు యక్షగానం మాదిగలకు ఆశ్రిత కులమైన చిందు వారి కళ. జాంబపురాణం, ఎల్లమ్మ కథ మొదలైనవి వీరు ప్రదర్శిస్తారు. కుటుంబమే దళం కనుక స్త్రీలు కూడా రంగమెక్కారు. నిజామాబాదు జిల్లా బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ బాల్యంలోనే ఆట మొదలుపెట్టి, ఆడవేషాలతోపాటు మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. ఆమె 2005లో మరణించింది. పురుషుడు సత్యభామ కావడం శాస్త్రీయ కళగా గ్రంథాలకెక్కగా, స్త్రీ మగవేషం కట్టడం గురించి వ్రాసినవారు చాలా తక్కువ.

ఒగ్గుకథ కురుమ, గొల్ల కులాల దేవతలైన మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల గాథలను చెప్పే కళ. డోలు, తాళాలు, నపీర వాద్యాల నడుమ ప్రధాన కథకుడు క్షణక్షణం పాత్ర మారుతుంటాడు. పైబట్టను తలపై కొంగులా కప్పుకొనగానే అతడు తల్లి లేక దేవత. దానిని నడుముకు బిగించగానే తిరిగి వీరుడు. కరీంనగర్ ప్రాంతపు ఒగ్గుకథకులలో వేములవాడ సమీపంలోని హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు సుప్రసిద్ధుడు.

రంగస్థలంతో నిమిత్తం లేని ఆచారమొకటి వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయంలో ఉన్నది. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుండగా, శివపార్వతులుగా పిలువబడే భక్తులు, జోగినులు, హిజ్రాలు చేతిలో త్రిశూలం ధరించి, తలంబ్రాలు పోసుకొని, శివుని వరించినట్లు భావిస్తారు. ఇక్కడ చీర కట్టిన వ్యక్తి పాత్రధారి కాదు, దేవుని పెండ్లికూతురు. వేషానికి, జీవితానికి మధ్యనున్న గీత ఈ ఆచారంలో చెరిగిపోతుంది.

== నేరంగా మారిన వేషం ==

బ్రిటిషు ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ తెగల చట్టంలోని రెండవ భాగం హిజ్రాలను ఉద్దేశించినది. అదే నమూనాలో హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీ (1919)లో నపుంసకుల చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా ఇది "తెలంగాణ ప్రాంతపు" చట్టంగా కొనసాగింది.

దీని ముఖ్యాంశాలు:
* హైదరాబాదు నగరంలోను, ప్రభుత్వం పేర్కొన్న ఇతర ప్రదేశాలలోను నివసించే, బాలురను అపహరించుట వంటి నేరాలు చేస్తారని అనుమానింపబడే నపుంసకుల పేర్లతో, ఆస్తులతో రిజిస్టరు నిర్వహించుట.
* రిజిస్టరులోనివారు స్త్రీల దుస్తులు, ఆభరణాలు ధరించి వీధిలో కనబడినా, బహిరంగంగా నృత్యం చేసినా, వాద్యం వాయించినా వారంటు లేకుండ అరెస్టు చేయుట. ఇందుకు రెండేళ్ళ వరకు జైలుశిక్ష.
* వారి ఇంటిలో 16 సంవత్సరాలలోపు బాలుడు ఉన్నచో శిక్ష.

నపుంసకుడనగా తాను అట్టివాడనని ఒప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో అట్లు కనబడినవాడు అని ఈ చట్టం నిర్వచించింది. అనగా చీర కట్టుట దానంతటదే నేరం కాదు. చీర కట్టిన శరీరం ఎవరిదన్నదే ప్రశ్న. కనుక ఈ చట్టం ఆడవేషం కట్టే నటుల జోలికి పోలేదు. స్థానం నరసింహారావు తొలిసారి చంద్రమతిగా రంగమెక్కినది ఈ చట్టం వచ్చిన మరుసటి ఏడే. సత్యనారాయణ శర్మ పద్మశ్రీ అందుకొన్న 1970లో కూడా, ఆడి పాడి పొట్టపోసుకొనే హిజ్రాలపై ఈ చట్టం గ్రంథాలలో సజీవంగానే ఉన్నది. మాతృకయైన నేరస్థ తెగల చట్టం 1952లోనే రద్దుకాగా, ఇది మరి ఏడు దశాబ్దాలు నిలిచింది.

వైజయంతి వసంత మొగిలి తదితర ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు దీనిని న్యాయస్థానంలో సవాలు చేశారు. 2018లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు చట్టం అమలును నిలిపివేసింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఈ చట్టం ఒక సమాజాన్నంతటినీ నేరస్థులుగా ముద్ర వేసిందని న్యాయస్థానం తప్పుపట్టింది.

== స్త్రీల ప్రవేశం ==

స్త్రీలు తెలుగునాట నృత్యం చేయలేదన్నది నిజం కాదు. గోదావరి మండలంలో కళావంతులు భామాకలాపాన్ని తమదైన పద్ధతిలో ప్రదర్శించేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ నిషేధ చట్టంతో వీరి వృత్తికి అడ్డుకట్ట పడింది. తరువాతి దశాబ్దంలోనే పురుషుల కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా గుర్తింపజేయు ప్రయత్నాలు ఊపందుకొన్నవి.

వెంపటి చినసత్యం (1929–2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఇతర కులాల, ప్రాంతాల బాలికలకు ఈ కళను నేర్పాడు. క్రమంగా సత్యభామ పాత్ర స్త్రీలదైనది. రెండు తరాలలోనే కూచిపూడి అంటే స్త్రీలు చేసే నృత్యమన్న భావన ఏర్పడి, స్త్రీవేషం కట్టే పురుషుడు వింతగా చూడబడే స్థితి వచ్చింది.

== ప్రవాసంలో ==

1965 నాటి అమెరికా వలస చట్టం తరువాత తెలుగువారు అధిక సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. వారి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, తెలుగుదనానికి గుర్తుగా కూచిపూడి నేర్చుకొన్నారు. అట్లు నేర్చినవారిలో కొందరు, మన సంస్కృతి అని తమకు నేర్పినది ఎవరి సంస్కృతి అని ప్రశ్నించారు.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు అధ్యాపకురాలైన హర్షిత మృతింటి కామత్ కూచిపూడి నర్తకి కూడా. స్త్రీవేషంపై ఆమె వ్రాసిన "ఇంపర్సొనేషన్స్" గ్రంథం 2019లో వెలువడింది. గ్రామంలో సత్యభామ వేషం లింగ నియమాలను భంగపరచదని, అది బ్రాహ్మణ పురుషుని అధికారాన్ని మరింత బలపరుస్తుందని ఆమె వాదించింది. అదే వేషం నగరానికి, విదేశానికి చేరినపుడు ఆ అధికారం సడలి, లింగం గురించి క్వియర్ దృష్టితో ఆలోచించుటకు అవకాశం కలుగుతుందని చూపింది. రంగమెక్కని కూచిపూడి ఇళ్ళ స్త్రీల మాటలకు ఒక అధ్యాయం కేటాయించింది. వెల్చేరు నారాయణరావుతో కలిసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని కూడా ఆమె ఆంగ్లంలోనికి అనువదించింది. మరొక ప్రవాస నర్తకి, పరిశోధకురాలు రమ్య పుచ్చా తన "ది డాన్సర్స్ వాయిస్" గ్రంథంలో, నర్తకి శరీరం గౌరవ కుటుంబపు స్త్రీత్వానికి చిహ్నంగా ఎట్లు మలచబడినదో పరిశీలించింది.

తెలుగేతర దక్షిణాసియా ప్రవాసులలో ఈ ప్రశ్నలను తమ కళకే వస్తువుగా చేసుకున్న క్వియర్ కళాకారులు పలువురున్నారు. ఢిల్లీలో పుట్టి 1969లో కెనడాకు వెళ్ళిన ఛాయాచిత్రకారుడు సునీల్ గుప్తా, 1980ల చివర ఢిల్లీకి వచ్చి "ఎగ్జైల్స్" చిత్రమాలికలో స్వలింగ ప్రేమికుల జీవితాన్ని చూపాడు. కెనడా కళాకారిణి వివేక్ శ్రేయ 2016లో తన తల్లి పాత ఛాయాచిత్రాలలోని దుస్తులను, భంగిమలను తానే ధరించి "త్రిష" అను చిత్రమాలిక రూపొందించింది. శ్రీలంక తమిళ మూలాలు గల అమెరికా నటుడు డీలో తన ట్రాన్స్ జీవితాన్ని ఏకపాత్ర ప్రదర్శనలుగా మలిచాడు. కూచిపూడి నటుడు తనకు దూరమైన స్త్రీని అభినయిస్తాడు. వీరు మాత్రం తమ జీవితాన్నే రంగానికి తెచ్చారు.

== నేటి స్థితి ==

కూచిపూడిలో పురుషుల స్త్రీవేషం అంతరించలేదు. ఒంగోలుకు చెందిన హలీం ఖాన్ వంటి నర్తకులు ఆ గ్రామానికి, ఆ కులానికి వెలుపలినుండి వచ్చి స్త్రీ పాత్రలను దేశవిదేశాలలో ప్రదర్శించారు.

మరొకవైపు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ కథను తామే చెప్పుట మొదలైనది. తమిళ రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెనిగించగా, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. 2017లో హైదరాబాదునుండి మొదలైన "ట్రాన్స్‌విజన్" యూట్యూబ్ ఛానెల్‌లో రచన ముద్రబోయిన తదితరులు తెలుగు, ఉర్దూ భాషలలో ట్రాన్స్‌జెండర్ల చరిత్రను, వారి హక్కులను, వారిపై గల అపోహలను వివరించారు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల లింగ గుర్తింపును హక్కుగా అంగీకరించింది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలు నేరం కాదని తీర్పునిచ్చింది. వీధిలో చీర కట్టి ఆడిన హిజ్రా నేరస్థురాలన్న నిజాం నాటి చట్టం మాత్రం తెలంగాణలో రద్దగుటకు 2023 వరకు వేచియుండవలసి వచ్చింది. అప్పటికి స్థానం నరసింహారావుకు పద్మశ్రీ వచ్చి 67 సంవత్సరాలు గడిచినవి.