తపాలా బిళ్లలపై తెలుగు ప్రముఖులు

ఉత్తరమునకు చెల్లించిన సుంకమునకు గుర్తుగా అతికించు చిన్న కాగితపు ముక్క తపాలా బిళ్ల. దాని ప్రథమ ప్రయోజనము అంతమాత్రమే. కాని దానిపై ఎవరి రూపము ముద్రింపబడినదో, ఏ సంవత్సరము స్మరింపబడినదో విచారించినచో, ఒక రాజ్యము ఎవరిని తనవారిగా ఎంచుకొన్నదో తెలియును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనకు ఈ విచారణ మఱింత అవసరము. ఏలయన, ఈ గౌరవమును పొందిన తెలుగువారిలో పలువురు మనవలెనే వెలుపలి ప్రాంతములలో పుట్టినవారు.

స్వతంత్ర భారతము తన తొలి తపాలా బిళ్లను 1947 నవంబరు 21న వెలువరించినది. దానిపై త్రివర్ణ పతాకమును, 'జై హింద్' అను మాటయు నుండెను. 1948 ఆగస్టు 15న గాంధీ మహాత్ముని స్మారకముగా నాలుగు బిళ్లలు వెలువడినవి. 1952 అక్టోబరు 1న కవులకును భక్తులకును ఆ గౌరవము దక్కెను. కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబు, రవీంద్రుడు అను ఆ ఆరుగురిలో దక్షిణదేశపు కవి ఒక్కరును లేరు.

ఆ కొఱత తరువాతి దశకమున కొంత తీరినది. 1961 జనవరి 6న త్యాగరాజస్వామి స్మారకముగా పదునైదు నయాపైసల బిళ్ల వెలువడెను. 1847లో ఆ మహనీయుడు సిద్ధిపొందిన తేదీ అదియే. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, కావేరీ తీరమున తిరువయ్యారులో జీవితమును గడపెను. నివసించినది తమిళదేశము, కృతులు రచించినది ప్రధానముగా తెలుగున.

అంతకు కొలది మాసముల ముందు, 1960 సెప్టెంబరు 15న, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి బిళ్ల వెలువడినది. వారి యింటిపేరు ఆంధ్రదేశమునందలి మోక్షగుండం గ్రామమును తెలుపును; జన్మస్థలము మాత్రము మైసూరు సీమలోని ముద్దేనహళ్లి. జీవించి యున్నవారికి బిళ్ల వేయుట సామాన్యముగా ఆచారము కాదు. అయినను 1958లో మహర్షి కర్వేగారికిని, ఆపై విశ్వేశ్వరయ్యగారికిని ఆ నియమము సడలినది. విశ్వేశ్వరయ్యగారు 1962లో కీర్తిశేషులైరి.

ఉపాధ్యాయులకు పూజ్యులైన సర్వేపల్లి రాధాకృష్ణపండితుల బిళ్ల 1967 సెప్టెంబరు 5న వెలువడెను. వారు జన్మించిన తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. వరాహగిరి వేంకటగిరిగారు ఒడిశాలోని బరంపురమున జన్మించిరి. 1974 ఆగస్టు 24న వారు రాష్ట్రపతి పదవిని విరమించిన దినముననే వారి బిళ్ల వెలువడినది. ఆంధ్రరాష్ట్రమునకై ప్రాణములర్పించిన పొట్టి శ్రీరాములుగారి పుట్టుకయు, 1952 డిసెంబరు 15న మరణమును మద్రాసుననే జరిగినవి. వారి బిళ్ల 2000 సంవత్సరమున వచ్చినది.

స్మారక సందర్భములు ఒక్కవిధముగా నుండవు. 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారికి 1972లో శతజయంతి నాటి గౌరవము లభించెను. అదే దినమున, అనగా అక్టోబరు 16న, వేమన బిళ్లయు వెలువడినది. వేమన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయినను ఆయన పద్యము తెలియని తెలుగు ఇల్లు అరుదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో జన్మించి 1919లో మరణించిరి. వారి బిళ్ల 1974 జూలై 15న వచ్చినది. కావున నిండు నూఱేండ్ల లెక్కయే అన్నివేళల ప్రమాణము కాదని తెలియుచున్నది. వ్యక్తులకే గాక ఘటనలకును బిళ్లలు కలవు. 1975 ఏప్రిల్ 12న హైదరాబాదున ప్రారంభమైన ప్రపంచ తెలుగు మహాసభల సందర్భమున ఒక బిళ్ల వెలువడినది.

ఇచట ఒక విషయము గమనింపదగినది. నేటి బిళ్లపై దేశనామము నాగరిలోను, రోమను లిపిలోను ఉండును. వ్యక్తి పేరు సైతము సాధారణముగా ఆ రెండు లిపులలోనే కనబడును. చిత్రమును చూచినవానికి రూపము తెలియును, పేరు తెలియును. ఆయన భాష ఏదియో తెలియదు. పూర్వము తపాలా బిళ్లపై తెలుగక్షరములు లేకపోలేదు. నిజాము సంస్థానము 1871లో వెలువరించిన బిళ్లలపై పారసీ, ఆంగ్ల, మరాఠీ లిపులతోపాటు తెలుగును ఉండెను. ఔరంగాబాదు, బీదరు, రాయచూరు ప్రాంతములు నాడు ఆ సంస్థానములోనివే. యానాములోనైతే 1954లో ఫ్రెంచి పాలన తొలగువఱకు మన సోదరులు ఫ్రెంచి ఇండియా బిళ్లలనే ఎఱుగుదురు.

దీని ఫలితము మా వంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో స్పష్టముగా కనబడును. రాధాకృష్ణపండితుల చిత్రమును గుర్తుపట్టు బాలుడు వారి యింటిపేరు ఒక తెలుగు ఊరిపేరని ఎఱుగడు. త్యాగరాజకృతిని చక్కగా పాడు బాలిక ఆ సాహిత్యమును వేఱొక లిపిలో వ్రాసికొని, తాను ఇంట పలుకు మాటలే అందున్నవని గ్రహింపదు. గౌరవము దక్కినది గాని, దానితో మనకు గల బాంధవ్యము తెగిపోవుచున్నది. పిల్లలకు చదువ నేర్పనిచో ఆ బాంధవ్యమును ఏ ప్రభుత్వ ముద్రణాలయమును తిరిగి అతికింపజాలదు.

కర్తవ్యము కష్టసాధ్యము కాదు. ఈ బిళ్లలను సేకరించి ఒక అట్టపై అంటించి, ప్రతిదాని క్రింద పేరు, జన్మస్థలము, సంవత్సరము, చేసిన పని తెలుగున నాలుగు పంక్తులలో పిల్లలచేతనే వ్రాయింపవచ్చును. కన్నడిగుడైన మిత్రునికి విశ్వేశ్వరయ్యగారిని గూర్చియు, తమిళుడైన మిత్రునికి త్యాగరాజును గూర్చియు వారు చెప్పగలిగిన నాడు, ఆ మహనీయులు ఇరువురికిని చెందినవారని కూడ గ్రహింతురు. క్రొత్త బిళ్లలకై తపాలాశాఖకు ప్రతిపాదనలు పంపుటకు సంఘములకు అవకాశము కలదు. స్మరింపదలచిన తేదీకి చాల ముందుగనే పంపవలెను. బిళ్లపై రూపమును నిలుపుట ప్రభుత్వము పని. దాని క్రింద తెలుగున నాలుగు పంక్తులు వ్రాయగల చేతిని నిలుపుకొనుట మన పని.