పంపుస్టవ్వు చరిత్రము

విశాఖ ఉక్కు కర్మాగారములో మూడు బ్లాస్టు ఫర్నేసులు గలవు. మొదటి రెండింటికి గోదావరి, కృష్ణ యని నదుల పేరులు పెట్టి, మూడవదానికి అన్నపూర్ణ యని నామకరణము చేసిరి. పేరు సొగసుగనే యున్నది. అయినను ఈ విశాఖపట్టణమున నిజముగ అన్నము వండిపెట్టిన కొలిమి వేఱొకటి: కంచరపాలెమునందును, మల్కాపురమునందును, ఓడరేవు పనివారల యిఱుకుగదులయందును మూడు కాళ్లపై నిలిచి హోరుమని మ్రోగిన ఇత్తడి పంపుస్టవ్వు. శీతలదేశములవారు ఇల్లు వెచ్చబెట్టుకొనుటకు నేలమాళిగలలో చమురుకొలిములు నిలుపుకొందురు. ఉక్కబోతకు పేరుపడిన మన తీరమున అట్టిదానితో పని లేదు గావున, చమురు మండించుటయందలి సుఖమును, చమురు కారుటయందలి కష్టమును మన యిల్లాండ్రు వంటయింటనే యెఱిగిరి.

దీని జన్మస్థానము స్వీడను దేశపు స్టాక్‌హోము. వత్తిపొయ్యిలలో తగినంత గాలి కలియక మసి పుట్టి గిన్నెలు నల్లబడుచుండగా, ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ అను యంత్రకారుడు, చమురును ముందుగ ఆవిరిగ మార్చి, ఆ యావిరిని సన్నని రంధ్రమునుండి వేగముగ వెడలించి గాలితో కలిపి మండించినచో మసి పుట్టదని గ్రహించి, 1892లో ప్రైమస్ అను పొయ్యిని రూపొందించెను. 1911లో దక్షిణధ్రువమును చేరిన అముండ్‌సెన్ బృందము మంచు కరగించుకొన్నదియు దీనిమీదనే. మనకిది పరదేశపు సరకుగ వచ్చి యింటివస్తువయ్యెను. 1957లో కాల్టెక్సు సంస్థ విశాఖలో చమురుశుద్ధి కర్మాగారమును తెఱచెను. 1976లో ప్రభుత్వము స్వాధీనపఱచుకొన్న ఆ కర్మాగారము 1978లో హిందూస్థాన్ పెట్రోలియమున లీనమయ్యెను. కర్మాగారము గడపలోనున్నను, రేషనుకార్డులు పట్టుకొని కిరసనాయిలునకై డబ్బాలు వరుసబెట్టుట మాత్రము తప్పలేదు.

ట్యాంకులో ముప్పాతికవంతు చమురు పోసి, బర్నరు క్రింది గిన్నెలో కొంచెము స్పిరిటు వెలిగించి, బర్నరు బాగుగ కాగిన పిమ్మట గాలి విడుచు స్క్రూను బిగించి పంపు కొట్టినచో, లోని గాలి యొత్తిడికి చమురు నడిమి గొట్టమున పైకెగబ్రాకి, కాగిన బర్నరులో ఆవిరియై, నిప్పిలులోని వెండ్రుకవాసి రంధ్రమునుండి దూసికొనివచ్చి నీలిజ్వాలయై మండును. ఆ జ్వాలయే తిరిగి బర్నరును కాచుచుండును గాన వేఱు సాయ మక్కఱలేదు. రంధ్రము మసితో పూడినచో పిన్నుతో గుచ్చవలెను. వేడి చాలకముందే పంపు కొట్టినచో చమురు ద్రవముగనే చిమ్మి పసుపుమంట చూరువైపు లేచును. అది కారుట కాదు, తొందరపాటు.

నిజముగ కారుట వేఱు. కిరసనాయిలు తలతన్యత నీటి తలతన్యతలో సుమారు మూడవవంతు. అందుచే నీరు చొరలేని సందులోనికిని అది చొరబడి, ట్యాంకు వంపువెంట జారి, కాలి మొదట బొట్టు కట్టును. చూచినవారు కాలి యతుకునే నిందింతురు. సంచిలో పటకారును, సీసపు వాషర్లను వేసికొని వీథులవెంట తిరిగిన స్టవ్వు రిపేరువాడు ఈ మోసమునకు లోబడడు. అతడు మంట వెలిగింపక, గుడ్డతో ట్యాంకునంతయు పొడిగ తుడిచి, చల్లని స్టవ్వునకే పంపు కొట్టి, సబ్బునీటిని వ్రేలితో బర్నరు మొదటను, మూతచుట్టును, స్క్రూవద్దను పూసి, బుడగ యెక్కడ లేచునో యని మీదినుండి క్రిందికి కనిపెట్టును. మూతవద్ద లేచినచో వాషరు పోయినది. పొదుపరులు పాత సైకిలు ట్యూబును కత్తిరించి యచట తొడుగుదురు గాని, రబ్బరు కిరసనాయిలును పీల్చి ఉబ్బి మెత్తబడును గాన ఆ పొదుపు నిలువదు. బర్నరు మొదట సీసపు వాషరే శరణ్యము. పంపుపుల్ల చేతికి బరువు తెలియక వట్టిగ ఆడినచో లోని తోలువాషరు ఎండినదని గుర్తు. చుక్క నూనె పట్టించి అంచు కొంచెము విప్పార్చిన చాలును. అట్లుగాక, పుల్ల తనంతతానే పైకి లేచి దానివెంట చమురు ఉబికినచో, దోషము పంపు అడుగున, గాలిని లోనికి పోనిచ్చి వెనుకకు రానీయరాని చిన్న వాల్వులోనున్నది: స్ప్రింగు నీరసించినదో, బిరడా యరిగినదో. పైన నెంత బిగించినను ఫలము సున్న.

అన్నిటికంటె మొండిది ఇత్తడిలోని వెండ్రుకపగులు. బ్రిటిషు సైన్యపు తూటాల ఇత్తడి తొడుగులు మన వానకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువయుండి పగులుచుండెడివి. సాగదీసి మలచిన యిత్తడిలో మిగిలిన బిగువునకు అమ్మోనియా తోడై దానిని చీల్చుచున్నదని 1921లో వివరించిరి. ట్యాంకుకూడ ఒత్తి మలచినదే. అట్టి పగులునకు టంకము పెట్టించి పంపు కొట్టుట సాహసము. ఆ ట్యాంకును పాతసామానులవానికి తూకమున కిచ్చుటయే మేలని నా మతము.

అమెరికా యీశాన్యమున కాపురమున్న మనవారిలో కొందఱికి, మొదట చెప్పిన, ఇల్లు వెచ్చబెట్టు చమురుకొలిమి నేటికిని తప్పలేదు. దాని పంపు చదరపు అంగుళమునకు సుమారు 100 పౌనుల యొత్తిడితో చమురును తుంపరగ చిమ్మును. అచటనొక విచిత్రము: పంపు దాటిన గొట్టములో సందున్నచో చమురు బయటికి కారును; పల్లమున నున్న ట్యాంకునుండి చమురును పీల్చెడి గొట్టములో సందున్నచో చుక్కయు కారక, గాలి లోనికి పోయి మంట ఆగిపోవును.

ఒక చేదుమాట చెప్పక తప్పదు. స్టవ్వు పేలి కోడలు మరణించెనని పత్రికలలో తఱచు చదివిన కాలమొకటి గడచినది. స్టవ్వువలన ప్రమాదములు లేకపోలేదు. కాని అత్తగారు వండునపుడు పేలని స్టవ్వు కోడలు వండునపుడే పేలుట యే భౌతికశాస్త్రమునకును అందదు. 1986లో వరకట్నపు మరణములకై శిక్షాస్మృతిలో 304-బి సెక్షనును ప్రత్యేకముగ చేర్చవలసివచ్చెను.

ఇప్పుడు విశాఖ వంటయిండ్లలో ఆ హోరు వినబడుట అరుదు. సముద్రమట్టమునకు దాదాపు 200 మీటర్ల దిగువ, రాతిని తొలిచిన గుహలో 60,000 టన్నుల వంటగ్యాసును నిలువచేయు ఏర్పాటు 2007లో ఈ పట్టణమునకే వచ్చినది. అటకమీద పెద్దలనాటి స్టవ్వున్నవారు ముచ్చటకైనను దానిని వెలిగింపదలచినచో, వాషర్లన్నియు మార్చి, సబ్బునీటి పరీక్ష ముగించిన పిదపనే అగ్గిపుల్ల గీయుడు. మండుచున్న స్టవ్వులో మాత్ర మెన్నడును చమురు పోయకుడు.