పెయ్యకు తొలిచూలు ఎప్పుడు తగును?

మన కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో పాడికిని కాడికిని పేరెన్నికగన్నది ఒంగోలు జాతి. బ్రెజిలు దేశమువారు దీనినే మన జిల్లా పేరిట ‘నెలోర్’ అని పిలుచుచు పెంచుచున్నారు.

ఒకానొక యేట నా యింటి పెయ్య రెండేండ్లకే ఎదకు వచ్చినది. ఎదకు వచ్చుటయే యోగ్యత యని భ్రమించి వెంటనే ఆబోతునకు కట్టించితిని. ఈతవేళ కటి యిఱుకై దూడ దక్కలేదు. తల్లియు మఱి కోలుకొనలేదు.

కావున ఏండ్లకన్న ఎదుగుదలను ముందు చూడవలెను. ఎదిగిన ఆవు తూకములో నూటికి 60 పాళ్లు, అనగా మన జాతికి సుమారు 250 కిలోలు, వచ్చిన పిమ్మటనే ఆబోతును దాటించుట మేలు. మంచి మేత గల పెయ్యకు ఇది రెండున్నర, మూడేండ్లకు సిద్ధించును. చూలు సుమారు 285 దినములు గనుక నాలుగవ యేట ఈనును.

అంతకుముందు వచ్చిన ఎదను విడిచినను నష్టము లేదు. సుమారు 21 దినములకు మరల వచ్చును. ఆలోగా పెయ్యను కోడెలకు ఎడముగా కట్టుడు. పచ్చిమేతతోపాటు తవుడును, చెక్కయు పెట్టుడు. అట్లని మూడేండ్లు దాటియు ఎదకు రానిచో ఉపేక్షింపక పశువైద్యునకు చూపుడు.

కొన్ని మాసముల యోర్పు తల్లిని, దూడను రెండింటిని దక్కించును. నేను ఓర్వలేక పోగొట్టుకొంటిని. మీరట్లు చేయకుందురు గాక.