అలలమీద పందెము

పరుగుపందెమున ముందుగా గీటు దాటినవారు గెలుతురు. సముద్రపుటలలపై పలక నెక్కి సాగించు సర్ఫింగు పందెమున గెలుపును నిర్ణయించుట యెట్లు? ఒక యలవలె మఱియొక యల యుండదు గదా!

ఈ క్రీడ హవాయిదీవులలో తరతరములుగా నున్నది. అచ్చట రాజులును ప్రజలును, స్త్రీలును పురుషులును దీని నాడుచుండిరి. ఆ దీవులందు జన్మించి, 1912లో ఈతయందు ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచిన డ్యూక్ కహనమోకు, దీనికిని ఆ క్రీడలలో స్థానము కలుగవలెనని కోరెను. ఆయన 1968లో గతించెను. కోరిక 2021లో టోకియో క్రీడలనాడు ఫలించెను.

పందెపు టేర్పాటు వినుడు. ఒక్కొక్క హీటునందు ఇద్దఱు మొదలు నలుగురు వఱకు నీట దిగుదురు. గడువు ఇంచుమించు అరగంట. ఐదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్క యలకు పదింటికి మార్కులు వేయుదురు. వానిలో హెచ్చుదానిని, తక్కువదానిని తీసివైచి, మిగిలిన మూడింటి సగటును గైకొందురు. ఒకరి పక్షపాతము ఫలితమును చెఱుపకుండుటకే యీ యేర్పాటు. పెక్కు అలల నెక్కినను మేలైన రెండింటి మార్కులే లెక్కకు వచ్చును, పూర్ణసంఖ్య 20. సాహసము, కొత్తదనము, వైవిధ్యము, వేగము, బలము, ఒడుపు అను గుణములను చూతురు. 2021లో హవాయి వనిత కరిస్సా మూర్ 14.93 మార్కులతో, 8.46 పొందిన దక్షిణాఫ్రికా వనిత బియాంకా బ్యూటెండాగును గెలిచి స్వర్ణపతకము నందెను.

ఇద్దఱే యున్నపుడు ఒకరు అల నెక్కినంతనే తరువాతి యలపై మొదటి హక్కు రెండవవారిది. ఆ హక్కున కడ్డు వచ్చినవారు మార్కులు కోల్పోవుదురు. కావున దేని నెక్కవలెనో, దేనిని విడువవలెనో యెఱుగుటయే సగము నేర్పు.

మంచి యల లేనిదే మంచి మార్కు లేదు. స్త్రీల కష్టము ఇందే యుండెను. అలలు చక్కగా లేచు వేళను పురుషుల కిచ్చి, కడలి చప్పబడినపుడు స్త్రీలను దింపుట చాలకాలము వాడుకయై యుండెను. బహుమానమునందును భేదమే. 2018లో దక్షిణాఫ్రికాలోని బాలిటోలో యువజనుల పందెమున గెలిచిన బాలునకు 8,000 రాండులు, బాలికకు 4,000 రాండులు ముట్టెను. ఇరువురును చెక్కులు పట్టుకొని నిలిచిన ఛాయాచిత్రము లోకమున గొప్ప అలజడి రేపెను. ఆ యేటనే ప్రపంచ సర్ఫింగు లీగు, 2019 నుండి తన పందెములలో ఇరువురకు సమాన బహుమాన మిత్తునని ప్రకటించెను. 2024 ఒలింపిక్ క్రీడలలో తహీతిదీవియందలి టెయహుపో అను చోట, భయంకరమగు ఆ యలలపైననే పురుషులతోపాటు స్త్రీలును పోటీపడిరి.

మన యింటి బాలికల ఆటకును మంచి వేళను, మంచి చోటును మిగుల్చుచున్నామా యని తల్లు లొకమాఱు తలపోయదగును.