కుట్లు వేసే పట్టుకారు

కుట్లు వేయించుకున్నవారికి సూది, దారం బాగా గుర్తుంటాయి. ఆ సూదిని పట్టుకున్న పరికరం గురించి మాత్రం ఎవరూ అడగరు. దాని పేరు నీడిల్ హోల్డర్. చూడటానికి కత్తెరలా ఉంటుంది గాని కోయదు. మన వంటింటి పట్టుకారులాగే పట్టుకోవడమే దాని పని.

చేత్తో ఎందుకు కుట్టరు?

చర్మం కుట్టే సూది సాధారణంగా గాలంలా వంపు తిరిగి ఉంటుంది. తడి వేళ్ళ మధ్య అది జారిపోతుంది. పైగా రక్తం అంటిన సూది గుచ్చుకుంటే కుట్టేవారికి హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది. నీడిల్ హోల్డర్ దవడలు పొట్టిగా, పిడులు పొడుగ్గా ఉంటాయి కనుక కొద్దిగా నొక్కినా గట్టి పట్టు దొరుకుతుంది. పిడుల దగ్గరి పళ్ళు ఆ పట్టు వదలకుండా ఆపుతాయి.

ఏ పనికి ఏది?

మామూలు కుట్లకు ఎక్కువగా మేయో-హెగార్ రకం వాడతారు. ఆల్సెన్-హెగార్ రకంలో దారం కత్తిరించే కత్తెర కూడా కలిసి ఉంటుంది. పక్కన సాయం చేసేవారు లేనప్పుడు ఇది అనుకూలం. కంటి ఆపరేషన్లకు స్ప్రింగుతో పనిచేసే సన్నని కాస్ట్రోవీజో రకం ఉంది. కొన్నిటి పిడులు బంగారు రంగులో ఉంటాయి. అది దవడలలో టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పలకలు ఉన్నాయనడానికి గుర్తు.

చిన్న సూదికి పెద్ద హోల్డర్ వాడితే సూది వంపు చితికిపోతుంది. పెద్ద సూదికి చిన్నది వాడితే హోల్డర్ దవడలే చెడిపోతాయి. సూదిని మొన దగ్గర గాని, దారం అతికిన చోట గాని పట్టకూడదు. నడిమికి కాస్త వెనుకగా పట్టాలి.

పట్టు సడలిందేమో చూడటానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. సూదిని దవడల మధ్య పెట్టి రెండో పన్ను వరకు నొక్కాలి. అప్పుడు సూది చేతికి సులువుగా తిరిగితే ఆ హోల్డర్‌ను మరమ్మతుకు పంపాలి. పట్టు లేని హోల్డర్‌తో కుడితే సూది పక్కకు తిరిగి చర్మం చీరుకుంటుంది, మచ్చ పెద్దదవుతుంది.

వాడిన ప్రతి హోల్డర్‌నూ దవడలు తెరిచి, బ్రష్‌తో కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టాలి. గుడ్డలో చుట్టినవాటికి మామూలు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి 30 నిమిషాలు తగలాలి. రక్తపు మరక మిగిలితే ఆవిరి కూడా లోపలికి చేరదు.

ఇక మీ వంతు

* గాయం మీద పసుపు, కాఫీపొడి, సున్నం వేయకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి వెంటనే ఆసుపత్రికి రండి.
* ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. షుగరు ఉంటే అదీ చెప్పండి.
* కుట్లు తీసే రోజు గాయాన్నిబట్టి మారుతుంది. ముఖం మీదైతే సుమారు 5 రోజులు, తలమీద 7 నుండి 10, చేతులు, కాళ్ళకు 10 నుండి 14 రోజులు. మీ డాక్టరు చెప్పిన రోజే ఖాయం.
* నొప్పి తగ్గింది కదా అని ఇంట్లో బ్లేడుతో కుట్లు కోసుకోకండి. పైకి అతుకుకున్నట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండవచ్చు.
* ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే చెప్పిన రోజు దాకా ఆగకండి.

కుట్టు నిలవాలంటే మా చేతిలో పట్టు ఎంత అవసరమో, ఇంటి దగ్గర మీ జాగ్రత్త కూడా అంతే అవసరం.